చిమ్నీ ఫిరోజ్

కోరుట్లలో ఫిరోజ్‌లు చాలామందే ఉన్నారు. కోళ్ల ఫిరోజ్, ఆటో ఫిరోజ్, పసుపు కమీషన్ ఫిరోజ్. ఇక్కడ చెప్పబోయేది చిమ్నీ ఫిరోజ్ సంగతి. ఆ పేరు పెట్టినవాళ్లు సగం ఎగతాళికే పెట్టారు. ఏ హోటలుకు వెళ్లినా కూర్చోకముందే వంటింట్లోకి తొంగి చూసి, తలెత్తి పైకప్పు పరీక్షించే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

అతను షార్జా నుంచి పూర్తిగా వచ్చేసింది రెండువేల పది మొదట్లో. వచ్చేశాడు అనేకంటే ఒక శవపేటిక వెంట వచ్చాడు అనాలి. పేటికలో ఉన్నది దశరథం, గొల్లపల్లి మనిషి. షార్జాలో ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్లు. ఆ గదిలో కేరళవాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు చాలామంది ఉన్నా, ఊరి తెలుగు మాట్లాడుకోవడానికి మాత్రం దశరథానికి ఫిరోజ్, ఫిరోజ్‌కు దశరథం. అంతే.

దశరథం ఒక పెద్ద హోటల్లో ఉల్లిగడ్డలు కోసే పనిలో ఉండేవాడు. ఫిరోజ్‌ది డక్టుల పని. డక్టు అంటే పొయ్యిల మీది పొగను మేడ మీదికి మోసుకుపోయే రేకు గొట్టం. పెద్ద హోటళ్లలో అది మనిషి పట్టేంత వెడల్పు ఉంటుంది. పొగతోపాటు నూనె ఆవిరి కూడా పైకి పోతుంది కాబట్టి లోపలి గోడలకు జిడ్డు పేరుకుంటుంది. ఆ జిడ్డుకు నిప్పు తగిలితే గొట్టం మొత్తం కొలిమి అవుతుంది. అందుకని ఫిరోజ్ తలకు లైటు కట్టుకుని, బోర్లా పడుకుని, గొట్టంలో పాకుతూ గోకేవాడు. లోపల తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఏళ్లకేళ్లు అదే పని. మనిషి మాట తగ్గిపోయింది అక్కడే అని అతని అక్క అంటుంది.

దశరథం పనిచేసే హోటల్లో పొయ్యిల మీద నిప్పును దానంతటదే ఆర్పే ఏర్పాటు ఉండేది. వేడి హద్దు దాటితే ఒక చిన్న ముక్క కరిగి, గ్యాసు ఆగి, పైనుంచి మందు నీళ్లు చిమ్ముతాయి. ఒకసారి మంట లేకుండానే అది చిమ్మి, పెద్ద విందుకు వండినదంతా పాడైంది. మేనేజరు కోపంతో దానికి అడ్డంగా పిన్ను పెట్టించి తాళం వేయించాడు. కొన్నాళ్లకు నిజంగానే నూనె అంటుకుంది. మంట గొట్టంలోకి పోయింది. పొగ వెనక్కి తిరిగి సామాన్ల గదిలోకి వచ్చింది. ఉల్లిగడ్డల బస్తాల మధ్య కూర్చున్న దశరథం మళ్లీ లేవలేదు.

శంషాబాద్‌లో దిగి అంబులెన్సులో వస్తుంటే దారిపొడవునా రాస్తారోకోలు. తెలంగాణ కోసం జనం రోడ్లమీదే ఉన్న రోజులవి. సిద్దిపేట దగ్గర విద్యార్థులు బండి ఆపారు. ఒకతను అద్దంలోంచి లోపలికి చూశాడు.

"గల్ఫు డబ్బానా అన్నా?" అన్నాడు.

ఫిరోజ్ తల ఊపాడు. జెండాలు పట్టుకున్నవాళ్లంతా పక్కకు జరిగి దారి ఇచ్చారు.

గొల్లపల్లిలో దశరథం భార్య అడిగింది ఒక్కటే మాట. "మంటల కాలిండా అన్నా?"

"లేదమ్మా. మంట ఆయనను ముట్టలే. పొగకే."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ జవాబు ఆమెకు ఊరటనిచ్చిందో, ఇంకా బాధించిందో ఫిరోజ్‌కు తెలియలేదు. మళ్లీ షార్జా పోకూడదని మాత్రం ఆ వాకిట్లోనే నిర్ణయించుకున్నాడు.

అయితే పోకుండా ఉండడానికి ఒక ఇల్లు ఉండాలి. ఫిరోజ్‌కు కోరుట్లలో ఇల్లు మిగల్లేదు. భార్య కహకషాన్ జ్వరంతో పోయేనాటికి అతను ఒక డక్టులో ఉన్నాడు. బయటికి వచ్చాకే ఫోన్ సంగతి చెప్పారు. వచ్చేసరికి మట్టి కూడా ఇచ్చేశారు. అప్పటికి ఇంకా నడక రాని కూతురు నిఖత్‌ను జగిత్యాలలో ఉండే అక్క అజీజాబీ తీసుకెళ్లి పెంచింది. ఇప్పుడా పిల్ల కాలేజీ చదువుతోంది.

వచ్చిన వారానికి ఫిరోజ్ జగిత్యాల వెళ్లాడు. నిఖత్ సలాం చెప్పి, కుర్చీ వేసి, లోపలికి వెళ్లి చాయ్ తెచ్చింది. బంధువులు వస్తేనే తీసే బంగారు అంచు కప్పు, దానికింద సాసరు. అజీజాబీ గ్లాసులో తాగుతోంది. పిల్ల గ్లాసులో తాగుతోంది. ఫిరోజ్ ఒక్కడికే కప్పు.

"మనం కోరుట్లల ఉందామా బిడ్డా? ఇల్లు కిరాయకు తీసుకుంట," అన్నాడు ఉర్దూలో.

నిఖత్ మేనత్త కేసి చూసి చాలా మర్యాదగా జవాబు చెప్పింది. "ఫుప్పూ ఒక్కతే అయితది గదా అబ్బా. నా కాలేజీ గూడ ఈడనే."

అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అతను చాయ్ తాగి, కప్పు జాగ్రత్తగా సాసరులో పెట్టి, బస్టాండుకు నడిచాడు.

మెట్‌పల్లి రోడ్డులో ఒక షట్టరు కిరాయికి తీసుకున్నాడు. ముందు భాగం పని, వెనక భాగం పడక. రేకును కత్తిరించడం, వంచడం, అతకడం అతనికి వచ్చు. హోటళ్లు తిరిగి, పొయ్యి మీద రేకు గొడుగు కడతానని, పొగను ఫ్యానుతో గుంజి బయటికి పంపుతానని, నిప్పు అంటుకుంటే దానంతటదే ఆరే ఏర్పాటు చేస్తానని చెప్పాడు. ఒక హోటలాయన పకపకా నవ్వాడు.

"పొగ రాకుంటె ఈడ హోటలు ఉన్నదని ఎట్ల తెలుస్తది భాయ్?"

ఇంకొకాయన కిటికీ చూపించాడు. మరొకాయన దేవుడి పటం చూపించాడు. చివరికి ఫిరోజ్ కూలర్లకు డబ్బాలు, వడ్ల గుమ్ములు, పెళ్లి వంటలకు పెద్ద మూతలు చేసి బతికాడు. షట్టరు ముందునుంచి ఊరేగింపులు పోయేవి. అతనూ సుత్తి పక్కన పెట్టి వెళ్లేవాడు. జై తెలంగాణ అని అందరితో పాటు అరిచేవాడు. కానీ ఆగిన చోట జనం పాత ముచ్చట్లు మొదలుపెడితే, ఫలానా ఏడు ఫలానా గొడవ అంటూ నవ్వుకుంటుంటే, అతని దగ్గర కలపడానికి ఏమీ ఉండేది కాదు. ఆ ఏళ్లన్నీ అతను గొట్టాల్లో ఉన్నాడు. చెప్పుకోవడానికి గొట్టాల్లో ఏం జరుగుతుంది?

మరుసటి ఎండాకాలంలో సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. రాజలింగం అనే ఆయన. ఒకప్పుడు సాంచాల ఆసామి. సాంచాలంటే అక్కడ పవర్లూమ్ మగ్గాలు. అవి అమ్మేసి, అదే షెడ్డులో కార్మికులకు మెస్సు నడుపుతున్నాడు.

"ఫిరోజ్ భాయ్, మా వంటామె పొయ్యికాడ కండ్లు తిరిగి పడిపోయింది. ఇంతకుముందు ఇద్దరు పని ఇడిసిపెట్టి పోయిన్రు. నువ్వు పొగ గుంజే మిషిన్లు పెడ్తవట గదా, ఒకపారి అచ్చి సూడు."

ఫిరోజ్ వెళ్లి చూశాడు. సిమెంటు రేకుల కప్పు, ఒక్క కిటికీ, అది కూడా పక్కింటి గోడకు ఆనుకుని. సాంచాల నుంచి లేచే పత్తి నూగు పాతది ఇంకా దూలాల మీదే ఉంది. దాని మీద నూనె జిడ్డు. నిప్పురవ్వ పడితే చాలు. అక్కడే నిలబడి వంద మందికి వండుతోంది రుక్కమ్మ. యాభై ఏళ్లుంటాయి. మాట్లాడే ప్రతి మాటకూ ముందు ఒక దగ్గు.

ఆ వంటింటి పని ఫిరోజ్ మనసుపెట్టి చేశాడు. ముందు దూలాలు కడిగించాడు. పొయ్యిల మీద వెడల్పాటి రేకు గొడుగు కట్టాడు. దానికి గొట్టం, గొట్టం చివర షెడ్డు మీద ఫ్యాను. గ్యాసు పైపుకు కరెంటుతో తెరుచుకునే వాల్వు పెట్టాడు. ఫ్యాను తిరిగితేనే గ్యాసు వస్తుంది. ఫ్యాను ఆగితే గ్యాసు ఆగుతుంది. హైదరాబాదు నుంచి తెచ్చిన ఎర్రటి గుండ్రటి డబ్బాను పొయ్యిల మీద వేలాడదీశాడు. దాని మూతికి వేలంత గాజుబుడ్డి. వేడి మితిమీరితే బుడ్డి పగిలి, డబ్బాలోని పొడి కిందికి విరజిమ్ముతుంది. అదే క్షణంలో గ్యాసూ ఫ్యానూ రెండూ ఆగేట్టు వైర్లు కలిపాడు.

రుక్కమ్మ ప్రతిదీ అడిగింది.

"ఇదేంది భయ్యా, పొయ్యికి గొడుగు పడుతున్నవు?"

"పొగకు తొవ్వ సూపెట్టాలె గదా. లేకుంటె అది నీ ఛాతిలకు పోతది."

"మరి అంటుకున్నప్పుడు ఫ్యాను ఎందుకు ఆగాలె? పొగ అప్పుడే గదా ఎక్కువుండేది?"

ఆ ప్రశ్న ఫిరోజ్‌ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నిచ్చెన దిగి వచ్చి మరీ చెప్పాడు. "పొగను గుంజే ఫ్యానే మంటను గూడ గుంజుతది. గొట్టంలకు మంట పోయిందంటె ఇగ ఎవల తరం గాదు."

చెబుతూ చెబుతూ దశరథం సంగతి కూడా చెప్పేశాడు. రుక్కమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడి వింది. మొదటిరోజు కొత్త గొడుగు కింద వంట అయ్యాక, కొంగుతో ముఖం తుడుచుకోబోయి ఆగింది. తుడవడానికి కన్నీళ్లు లేవు.

"ఇయ్యాల నా కండ్లు మండలే," అంది, తనలో తాను అనుకుంటున్నట్టు.

ఆ తర్వాత నెలకోసారి జిడ్డు గోకడానికి ఫిరోజ్ సిరిసిల్ల వచ్చేవాడు. బస్సు వేములవాడలో మారాలి. రుక్కమ్మ అన్నం పెట్టి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. ఆమె భర్త మహారాష్ట్రలోని భీవండి సాంచాలకు పోయి అక్కడే ఉండిపోయాడు.

"మొదట్ల ఫోన్ చేస్తుండె. ఇప్పుడు ఫోన్ మోగితె ఆయన గాదని నాకు ముందుగాలనే తెలుస్తది," అంది ఒకసారి.

"నేను గూడ షార్జా నుంచి గట్లనే చేసేటోన్ని," అన్నాడు ఫిరోజ్. "ఇటుదిక్కు ఎత్తినోళ్లకు ఎట్లుంటదో ఎప్పుడు సోంచాయించలే."

రుక్కమ్మ అతని కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది. ఆ నెలల్లో ఫిరోజ్ నోటినిండా మాట్లాడింది ఆ పీట ముందే. కోరుట్ల తిరిగొచ్చాక షట్టరు దించుకుని, ఆ రోజు తాను అన్న మాటలు మళ్లీ గుర్తు చేసుకునేవాడు.

రెండువేల పదకొండు వానాకాలం చివర సకల జనుల సమ్మె మొదలైంది. గనులు ఆగాయి. బడులు మూతపడ్డాయి. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పడం కష్టమైంది. కరెంటు పోయినప్పుడల్లా రాజలింగం మెస్సులో ఫ్యాను ఆగేది. ఫ్యాను ఆగగానే గ్యాసు ఆగేది. అన్నం సగం ఉడికి ఆగిపోయేది.

రాజలింగం ఫోన్లో మండిపడ్డాడు. "ఏం మిషిన్ పెట్టినవు భాయ్? గ్యాసు బండల నిండ గ్యాసుండంగ పొయ్యి ఆరిపోవుడేంది? జనం కంచాలు పట్టుకొని కూసున్నరు. అచ్చి నీ వాల్వు తీసుకపో."

"తీసేస్తె పొగ మల్ల రుక్కమ్మ మీదికే వస్తది సేటు. కరెంటు పోయినా ఫ్యాను తిరిగేటట్టు బ్యాటరీ పెడ్త. జర ఓపిక పట్టుండ్రి."

"బస్సులు లేవు, నువ్వెట్ల అస్తవు? రేపు మా వైర్ల పనాయనతోని తీయిస్త," అని రాజలింగం ఫోన్ పెట్టేశాడు.

ఫిరోజ్ తెల్లవారగానే బయలుదేరాడు. పాత టీవీఎస్ మోపెడ్ వెనక బ్యాటరీ, ముందు కాళ్ల మధ్య ఇన్వర్టరు. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా దారి. రోడ్డు ఖాళీ. మధ్యమధ్య అడ్డంగా పడేసిన చెట్టు కొమ్మలు, కాలిపోయిన టైర్ల నల్లటి మచ్చలు. బ్యాటరీ బరువుకు బండి గుంతల్లో మూలిగింది.

వేములవాడ రాకముందే రోడ్డంతా జనం. వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద గంజులు, కట్టెల పొగ తిన్నగా ఆకాశంలోకి పోతోంది. టీచర్లు, బస్సు డ్రైవర్లు, బీడీలు చేసే ఆడవాళ్లు అందరూ అక్కడే. ఒక పెద్దమనిషి మోపెడ్‌కు అడ్డం వచ్చాడు.

"బండి పోదు కాకా. సాయంత్రందాక రోడ్డు బంద్."

ఫిరోజ్ సంగతంతా చెప్పాడు. ఫ్యాను, గ్యాసు, దగ్గే వంటామె. పెద్దమనిషికి ఎంత అర్థమైందో గాని బ్యాటరీ కేసి, ఫిరోజ్ దుమ్ము ముఖం కేసి చూశాడు.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"లేదు."

"అయితె కూసో. తిని పో. నీ బండిని మేమే దాటిస్తం."

బంతిలో చోటిచ్చారు. ఇటుపక్క ఒక కండక్టరు, అటుపక్క ఒక ముసలామె. ఇస్తరాకులో వేడి అన్నం, పప్పు, పచ్చిపులుసు. కండక్టరు ఏ ఊరు, ఎవరి కొడుకువు అని అడిగాడు. ముసలామె తన ఆకులోని ఉల్లిగడ్డ ముక్క తీసి అతని ఆకులో వేసింది. షార్జాలో మంచం మీద, కోరుట్లలో రేకుల మధ్య, జగిత్యాలలో బంగారు అంచు కప్పు ముందు, ఎక్కడా ఫిరోజ్‌కు ముద్ద ఇంత తేలిగ్గా దిగలేదు.

తిన్నాక అందరూ లేచి నినాదాలకు పోయారు. కండక్టరు కూడా పోయాడు. ఇద్దరు వచ్చి మోపెడ్‌ను పొయ్యిల పక్కనుంచి నడిపించి అవతల వదిలారు. ఫిరోజ్ వెనక్కి చూశాడు. ఆ గుంపులో తనతో తిన్నవాళ్లు ఎవరో ఇక గుర్తుపట్టలేకపోయాడు.

సిరిసిల్ల చేరేసరికి వాల్వు ఊడదీసి మూల పడేసి ఉంది. గ్యాసు పైపును తిన్నగా కలిపేశారు. కరెంటు లేదు. పొయ్యిలు మండుతున్నాయి. వంటిల్లంతా మళ్లీ పొగ. ఎర్ర డబ్బా మాత్రం దాని చోట అది వేలాడుతోంది.

"దాన్ని గూడ తీస్తనన్నరు," అంది రుక్కమ్మ దగ్గుల మధ్య. "నన్ను అవుతల పడేసి తీయిండ్రి అని చెప్పిన. అందుకే ఊకున్నరు."

ఫిరోజ్ రాజలింగంతో వాదించలేదు. బ్యాటరీ దించి, ఇన్వర్టరు బిగించి, వైర్లు లాగాడు. కరెంటు లేకుండానే ఫ్యాను తిరిగింది. పొగ గొడుగులోకి లేచింది. వాల్వు మళ్లీ పెట్టాడు. రాజలింగం గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"గీ ముక్క ముందుగాల్నే జెయ్యరాదా భాయ్," అని ముందు గదిలోకి పోయాడు. అది మెచ్చుకోలు కిందే లెక్క.

సమ్మె సాగుతూనే ఉంది. ఒకరోజు సిరిసిల్ల నడిబొడ్డున పెద్ద ధర్నా పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు భోజనం రాజలింగం ఒప్పుకున్నాడు. పూరీలు, ఆలుగడ్డ కూర, పులిహోర. తెల్లారినప్పటి నుంచి రుక్కమ్మ పొయ్యి ముందే ఉంది. పూరీల కడాయి కింద మంట పెద్దది చేసి, పిండి ముద్ద అందుకోవడానికి ఇటు తిరిగింది. అప్పటికే నూనె కాగి పొగలు కక్కుతోంది. ఆమె తిరిగి చూసేసరికి కడాయి మొత్తం ఒక్కసారి భగ్గుమంది. మంట గొడుగు అంచును తాకింది. రుక్కమ్మ వెనక్కి పోవాలనుకుంది గాని వెనక పిండి బల్ల, దానికి ఆనుకుని గోడ. పోవడానికి చోటు లేదు.

గాజుబుడ్డి పటేలుమని పగిలింది. ఫ్యాను ఆగింది. పొయ్యిలన్నీ ఒకేసారి నీలంగా ఎగిసి ఆరిపోయాయి. ఎర్ర డబ్బా నుంచి తెల్లటి పొడి కుండపోతగా పడింది. పొయ్యి, కడాయి, పూరీలు, కూర, పులిహోర, రుక్కమ్మ, గోడలు, అన్నీ తెల్లబడ్డాయి. ఎవరో ఆమె చెయ్యి పట్టి బయటికి లాగారు. కుడి ముంజేతి మీద బొబ్బలు లేచాయి, నుదుటి మీద వెంట్రుకలు కొద్దిగా మాడాయి. అంతకుమించి ఏమీ లేదు.

ఫిరోజ్ కోరుట్లలో రేకు కోస్తున్నాడు. ఫోన్ మోగింది. అవతల రాజలింగం ఊపిరి తీసుకోకుండా తిడుతున్నాడు.

"నీ బుడ్డి పలిగి వండిందంత మట్టిగలిసింది. ఆడ ధర్నాల జనం ఆకలితోని ఎదురుసూస్తున్నరు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలె? గంత మంటకు తడి గోనెసంచి ఏస్తె ఆరుతుండె. గీ సున్నమంత మీద పోసుడెందుకు?"

ఫిరోజ్ అడిగింది ఒక్కటే. "రుక్కమ్మ ఎట్లున్నది సేటు?"

"ఆమెకేం గాలే. చేతికి జర సుర్కు తగిలింది, మందు పెట్టిచ్చుకొని అచ్చింది. ఆమె సంగతి కాదు, నా అన్నం సంగతి చెప్పు నువ్వు."

ఆమెకేం గాలే.

ఆ తర్వాత రాజలింగం ఏమన్నాడో ఫిరోజ్‌కు వినపడలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని షట్టరులో నిలబడ్డాడు. రెండేళ్ల కింద షార్జాలో ఎవరో ఒకరు తనకు ఫోన్ చేసి ఈ మాట అనవలసింది. దశరథానికేం గాలే, ఉల్లిగడ్డలే పాడైనయి అని తిట్టవలసింది. అతనికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించి రోడ్డు మీదికి వచ్చాడు. పక్క దుకాణాలన్నీ బందుకు మూసి ఉన్నాయి. ఎండలో ఒక కుక్క పడుకుని ఉంది. జరగనిదాన్ని ఎవరికని చెప్పాలి? ఒక ఆడమనిషి సిరిసిల్లలో చావలేదు. పేపర్లో రాయరు, దండ వేయరు.

మోపెడ్ తీసి జగిత్యాల వెళ్లాడు. అజీజాబీ నమాజులో ఉంది. నిఖత్ ఒక్కతే వాకిట్లో బియ్యం ఏరుతోంది. కుర్చీ కోసం లేవబోతే ఫిరోజ్ వద్దని, మెట్టు మీదే కూర్చున్నాడు. కూతురికి మొదటినుంచీ చెప్పాడు. గాజుబుడ్డి, పొడి, పాడైన పూరీలు, రాజలింగం తిట్లు. చెప్పడం అతనికి చేతకాదు. ముందుది వెనక, వెనకది ముందు చెప్పాడు. మాట మధ్యలో దశరథం పేరు వచ్చింది.

నిఖత్ ఏరడం ఆపింది. "దశరథం ఎవరు అబ్బా?"

తన జీవితంలో అందరికంటే దగ్గరగా మెలిగిన మనిషి పేరు తన కూతురికి తెలియదని ఫిరోజ్‌కు అప్పుడు తట్టింది. ఆమె చిన్ననాటి స్నేహితుల పేర్లు తనకూ తెలియవు. అతను చెప్పాడు. ఇద్దరూ పంచుకున్న గది, వంతులవారీగా వండుకోవడం, గొల్లపల్లి మామిడికాయ తొక్కు సీసా, శవం కోసం షార్జా పెద్దాసుపత్రి ముందు తాను కూర్చున్న సిమెంటు దిమ్మె. నిఖత్ మధ్యలో లేచి చాయ్ చేసుకొచ్చింది. రెండు గ్లాసులు. ఇద్దరూ మెట్టు మీదే కూర్చుని తాగారు. అంతకుమించి ఆ రోజు ఏమీ జరగలేదు. పొద్దు పోకముందే ఫిరోజ్ కోరుట్లకు వచ్చేశాడు. నిఖత్ జగిత్యాలలోనే ఉండిపోయింది. ఆ తర్వాత మాత్రం వారానికోసారి తనే ఫోన్ చేసి, ఏం వండుకున్నావని అడిగేది.

రాజలింగం ఖాళీ అయిన ఎర్ర డబ్బాను ఊడదీసి షెడ్డు వెనక పారేశాడు. కొత్తది పెడతానంటే వద్దన్నాడు. చెయ్యి మానాక రుక్కమ్మ మెస్సులో పని మానేసింది. సిరిసిల్ల బస్టాండు పక్కన తోపుడు బండి మీద మిర్చీలు, గారెలు వేయడం మొదలుపెట్టింది. ఫిరోజ్ ఒకసారి వెతుక్కుంటూ వెళ్లాడు. ఆమె దగ్గు చాలావరకు తగ్గింది.

"నా బండికేం పెడ్తవు భయ్యా?" అని నవ్వింది. "ఈడ వీసే గాలే నాకు ఫ్యాను."

నిజమే. ఆ బండి దగ్గర అతనికి చేయవలసిన పని ఏమీ లేదు. మిర్చీలు తిన్నాడు. గిరాకీ ఎక్కువగా ఉంది, ఆమెకు పీట వేసుకుని కూర్చునే తీరిక లేదు. బస్సు వచ్చింది, ఎక్కాడు. ఆమె గరిటె ఎత్తి చూపింది. పని లేకుండా ఒక ఊరికి మాటిమాటికి పోవడం ఎలాగో తెలియక, తర్వాత తర్వాత సిరిసిల్ల ప్రయాణాలు తగ్గిపోయాయి.

ఏడాది గడిచాక రాజలింగమే ఫోన్ చేశాడు. కొత్త వంటాయన కొమురయ్య పొయ్యి ముట్టించనంటున్నాడట. మిర్చీ బండి రుక్కమ్మ అతనితో, ఆ పొయ్యిల మీద ఎర్ర డబ్బా వేలాడదీసేదాకా కింద నిలబడకు అని చెప్పిందట.

"అచ్చి పెట్టిపో," అన్నాడు రాజలింగం ముక్తసరిగా. ఫిరోజ్ వెళ్లి పెట్టి వచ్చాడు.

అదొక్కటి చూసి ఇంకెవరూ ఎగబడి రాలేదు. వేములవాడలో ఒక సత్రం, మెట్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాలు, అలా అక్కడొకటి ఇక్కడొకటి. రాష్ట్రం వచ్చిన రోజు, అంటే రెండువేల పద్నాలుగు జూన్‌లో, ఫిరోజ్ జగిత్యాలలో ఒక ఆడపిల్లల హాస్టలు వంటింట్లో ఉన్నాడు. సెలవులు అయిపోయేలోగా పని పూర్తి కావాలి. బయట డప్పులు, పటాకులు. వంటవాళ్లు, వాచ్‌మన్ అందరూ గేటు దగ్గరికి పరిగెత్తారు. లోపల అతను ఒక్కడే మిగిలాడు. చివరి నట్టు బిగించి, కిందికి దిగి, స్విచ్చు వేశాడు. ఒక ఊదుబత్తి వెలిగించి పొయ్యి మీద పట్టుకున్నాడు. సన్నటి పొగ కాసేపు అటూ ఇటూ ఊగి, తర్వాత దారి తెలిసినట్టు తిన్నగా గొడుగులోకి పోయింది. ఒక్కో పొయ్యి దగ్గర నిలబడి అలాగే చూశాడు. అన్నిచోట్లా బాగానే గుంజుతోంది.

ఊదుబత్తి ఆర్పి, చేతులు కడుక్కుని, ఊరేగింపు చూడడానికి గేటు దగ్గరికి వెళ్లి వాచ్‌మన్ పక్కన నిలబడ్డాడు.